బందరంటే కోతి కాదు

అమెరికాలో, ఎడిసన్‌లోని మా మిఠాయి కొట్టుకు తెలుగు బడి పిల్లలు వచ్చారు. అందరూ నవ్వుతారని మా ఊరి పేరు దాచే మా అమ్మాయి స్పందన కూడా వాళ్లలో ఉంది. ఇవాళైనా దానిచేత ఆ పేరు చెప్పించాలనుకున్నాను.

“ఇది బందరు లడ్డు. మా ఊరిది,” అన్నాను.

“మంకీ లడ్డూనా అంకుల్?” అన్నాడు శ్రీవత్స. తెలుగు ఇంకా సరిగా రాదుగానీ, హిందీలో బందర్ అంటే కోతి అని సినిమాలు చూసి నేర్చుకున్నాడు.

“కోతి కాదురా నాయనా! బందరంటే ఓడరేవు. మన అద్దకం బట్టల కోసం డచ్చివాళ్లు ఓడలేసుకొని వచ్చేవాళ్లు.”

“లడ్డూ కోసం రాలేదా?”

నేను తల పట్టుకున్నాను. స్పందన నోటినిండా లడ్డుతోనే విసుక్కుంది.

“స్టాప్ ఇట్! మా ఊరు పోర్ట్. ఇది పోర్ట్ లడ్డు!”

పిల్లలంతా పోర్ట్ లడ్డు కావాలని చేతులు చాచారు. పేరు పోయినా రేవు మిగిలింది. సణుక్కుంటూనే ఆ బేరానికి ఒప్పుకున్నాను.