వినిపించే దాకా

టింగ్...

బొటనవేలు తీగను మీటింది. తల ఓ పక్కకి వాలింది. కళ్లు మూతపడ్డాయి.

బయట ఖుబానీ చెట్టు నుంచి ఓ పండు రాలింది. టప్...

"ఊఁ. ఇప్పుడు పాడుతోంది," అన్నాడు షార్షెన్.

ఏడేళ్ల జిపార్ చేతికి మొదటి రాకెట్టు అలా వచ్చింది. ఇసిక్‌కుల్ సరస్సు ఒడ్డున, పాత శానిటోరియం వెనక, పగుళ్లలో గడ్డి మొలిచిన టెన్నిస్ కోర్టు. తీగలు తెగాయని ఎవరో అక్కడ పారేసి పోయిన రాకెట్టు అది. నాన్న షార్షెన్ కొముజు వాద్యాలు చేసేవాడు — ఖుబానీ చెక్కతో, మూడేసి తీగలతో, పల్లె పాటగాళ్ల కోసం. ఆ చేతులకి రాకెట్టు తీగలొక లెక్కా!

బిగువు కొలిచే మిషను లేదు. చెవే కొలత.

చెక్క కొనే ముందు దుంగ మీద చెవి ఆనించేవాడు. వేలితో తట్టేవాడు. లోపల ఎక్కడ పగులున్నా ఆయనకి తెలిసిపోయేది. ఆ ఒడ్డున షార్షెన్ చెవికి తిరుగులేదు.

ఆ చెవి బిగించిన తీగలతోనే జిపార్ గెలిచింది.

తాష్కెంటులో గెలిచింది. అల్మాటీలో గెలిచింది. ఇస్తాంబుల్‌లో, మాడ్రిడ్‌లో... ఆమె పేరు పలకలేక టీవీల వాళ్లు నానా తంటాలూ పడ్డారు. ప్రపంచంలో నాలుగో ర్యాంకు! ప్రతి ఊరికీ నాన్న వెంట వెళ్లాడు — నెత్తిన తెల్ల ఉన్ని టోపీ, చంకలో కంబళి చుట్టిన చెక్క చట్రం. హోటల్ గదిలో నేల మీద కూర్చుని, ఆ చట్రంలో రాకెట్టు పెట్టి తీగలు బిగించేవాడు. టింగ్... తల వాల్చేవాడు.

"పాడుతోంది" అనేవాడు. అప్పుడే ఆమె కోర్టులోకి వెళ్లేది.

ఒక వసంతంలో, ఒక హోటల్ గదిలో, ఎవరో తలుపు కొట్టారు. నాన్న తలుపు పక్కనే కూర్చుని తీగ లాగుతున్నాడు. తల ఎత్తలేదు. మళ్లీ కొట్టారు. ఊహూఁ...

నాన్నకి వినపడలేదని తెలిసి, జిపారే లేచి తలుపు తీసింది.

ఆ రోజు రాకెట్టు రాయిలా ఉంది. బంతి తగిలినప్పుడల్లా దెబ్బ మణికట్టు దాటి, మోచెయ్యి దాటి, భుజంలో దిగింది.

ఆయన తన చెవికి వినిపించే దాకా తీగలు బిగిస్తున్నాడు. వినిపించడానికి రోజురోజుకీ ఇంకాస్త బిగించాల్సి వస్తోంది.

"ఎలా ఉన్నాయి తల్లీ, తీగలు?"

"సరిగ్గా ఉన్నాయి నాన్నా."

చెప్పొచ్చు కదా! చెప్పొచ్చు. కానీ అంతకుముందు చలికాలం ఓ పెళ్లి విందులో జరిగినది ఆమె మరిచిపోలేదు. పక్కింటాయన నవ్వులాటకే అన్నాడు — "ఏం షార్షెన్, నీ కొముజులు కీచుమంటున్నాయి! మొన్న గుర్రంతో పాటు చెవులు కూడా సంతలో అమ్మేశావా?" అందరూ నవ్వారు. నాన్నా నవ్వాడు. ఇంటికొచ్చి పనిముట్లు సంచిలో కట్టేశాడు. మళ్లీ కొముజు చెయ్యలేదు.

ఇక మిగిలినవి కూతురి రాకెట్లే.

అవి కూడా చేతిలోంచి లాక్కుంటే... ఆయనకేం మిగులుతుంది?

ఆమె భుజానికి వైద్యం చేసే గుల్‌చెహ్రా తాష్కెంటు మనిషి. నోటికి అడ్డూ అదుపూ లేదు. "ఒసే పిచ్చిదానా, ఇది రాకెట్టా, తలుపు చెక్కా? తీగలు మిషను మీద బిగించుకోవే! ఏడాదిలో నీ చెయ్యి పోతుంది, రాసిపెట్టుకో."

"నాకిలాగే అలవాటక్కా."

ఏడాది కాదు. మూడేళ్లు లాక్కొచ్చింది, పళ్లబిగువున. నాలుగో ర్యాంకు పదకొండైంది. పదకొండు నలభై అయింది. ఓడిన ప్రతిసారీ నాన్న కోర్టు మెట్ల దగ్గర నిలబడేవాడు, టోపీ చేతుల్లో నలుపుతూ.

"తీగల్లో ఏమైనా...?"

"లేదు నాన్నా. ఆ అమ్మాయి బాగా ఆడింది."

ఇరవై ఏడో ఏట చెయ్యి భుజం దాటి లేవడం మానేసింది. పాత గాయమని పేపర్లు రాశాయి. ఆట అయిపోయింది.

ఇంటికొచ్చింది. ఖుబానీలు పండే రోజులు. అమ్మ ఇంటి కప్పు మీద పళ్లు ఎండబోస్తోంది. నాన్న చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. చుట్టూ పళ్లు రాలుతున్నాయి — టప్... టప్... ఆయన తల తిప్పడం లేదు.

"ఈ ఏడు పిట్టలన్నీ ఎటు పోయాయే?" అని అమ్మని అడిగాడు.

పిట్టలు ఆయన నెత్తి మీదే అరుస్తున్నాయి.

జిపార్‌కి ఏడుపు ఆగలేదు. చెవికి మిషను పెట్టిస్తే పిట్టలు వినిపిస్తాయి. కానీ... తీగలూ వినిపిస్తాయి. తన కూతురి చెయ్యి ఎవరి వల్ల పోయిందో ఆయనకి తెలిసిపోతుంది.

పది రోజులు తటపటాయించింది. పదకొండో రోజు పశువుల కొట్టంలో కూర్చుని, తన ఆట సంచిలోని రాకెట్ల తీగలన్నీ కత్తితో కోసేసింది. ఒక్కటీ మిగల్చలేదు. అప్పుడు నాన్నని కరకోల్‌లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

మిషను పెట్టుకుని తిరిగొచ్చాడు. గేటు కిర్రుమంటే ఉలిక్కిపడ్డాడు.

"ఏమే, నువ్వెప్పుడూ ఇంత గట్టిగా అరుస్తావా?"

"నలభై ఏళ్ల నుంచీ అరుస్తున్నా. ఇవాళ్టికి వినపడిందా మహానుభావా!" అంది అమ్మ.

పిట్టలు విన్నాడు. చెట్టు కింద నిలబడి చాలాసేపు విన్నాడు. కళ్లు తుడుచుకుంటూ ఇంట్లోకి వెళ్లాడు. వెనకే జిపార్...

గోడ మీద రాకెట్టు!

చివరి ఆట ఆడిన రాకెట్టు. జిపార్ ఇంటికొచ్చిన రోజే అమ్మ అడిగి తీసుకుని అటక మీద దాచుకుంది; ఆ సంగతే జిపార్ మరిచిపోయింది. వాళ్లు ఊళ్లో లేని పూట చూసి, నీలం రిబ్బను కట్టి, పాత కొముజు పక్కన మేకుకి తగిలించింది. అయ్యో, ఆమెకేం తెలుసు!

నాన్న చెయ్యి అప్పటికే గోడ మీదికి వెళ్లింది.

టింగ్...

సన్నగా, కీచుగా, సూదిలా. మళ్లీ మీటాడు. "పాడుతోంది" అనలేదు.

"ఎన్నాళ్ల నుంచి?"

జిపార్ ఎడమ చేత్తో రాకెట్టుని మేకు మీంచి తియ్యబోయింది.

"అన్నీ ఇలాగేనా?"

"సరిగ్గానే ఉన్నాయి నా..."

"చెయ్యెత్తు తల్లీ."

ఎత్తింది. భుజం దగ్గర ఆగిపోయింది.

షార్షెన్ దగ్గరికొచ్చాడు. మిషను తీసి జేబులో వేసుకున్నాడు. వంగాడు. ఆమె కుడి భుజం మీద ఉత్తి చెవి ఆనించాడు. ఒక వేలితో, దుంగని తట్టినట్టు, మెల్లగా తట్టాడు. కాస్త పక్కకి జరిపి మళ్లీ తట్టాడు.

బయట ఓ పండు రాలింది. టప్...

ఆయన తల ఎత్తలేదు. కళ్లు మూసుకుని, ఇంకా వింటూనే ఉన్నాడు...