పట్టిక అడుగున జగదాంబ

ఫోన్లో ఆడే తుపాకుల ఆటలో మ్యాచ్ అయ్యాక వచ్చే స్కోరు పట్టిక అంటే నాకు ఒళ్లు మంట. మా నలుగురిలో నా పేరు ఎప్పుడూ అడుగునే. ఎవరు ఎంతమందిని కాల్చారో లెక్కేస్తుంది గాని, కిందపడ్డవాణ్ణి పాక్కుంటూ వెళ్లి లేపిందెవరో, వెనక నుంచి వస్తున్నారని అరిచిందెవరో దానికి పట్టదు.

మా జట్టుకు శ్యామ్ కెప్టెన్. చందు, వరహాలు, నేను మిగతా ముగ్గురం. బిర్సానగర్‌లో అందరివీ ఒకే వీధిలో ఇళ్లు. ఆదిత్యపూర్‌లో పెద్ద పోటీ అని తెలిసిన రోజే శ్యామ్ బాంబు పేల్చాడు.

"ఏటనుకోకు జగ్గూ. నీ స్కోర్ బహుత్ కమ్. నీ ప్లేస్‌లో మా కంపెనీ కుర్రోణ్ణి తీసుకుంతన్నాను."

ఏడుపొచ్చింది. అలాంటి పోటీ కోసం ఎన్నాళ్లుగా కాచుకుని ఉన్నానో నాకు తెలుసు. అయినా వీడి ముందు ఏడిస్తే నేను జగదాంబనెలా అవుతాను?

"ఒక్క మ్యాచ్ ఆడనియ్యన్నా. స్కోరే కావాలంటే స్కోరే సూపిత్తాను."

ఆదివారం మధ్యాహ్నం శ్యామ్ వాళ్ల గదిలో ఆటకు కూర్చున్నాం. కాసేపటికే చందు కిందపడ్డాడు. "లేపవే జగ్గూ, జల్దీ!" అని గోల పెట్టాడు. పక్కనే ఉన్నాను. వేళ్లు అటే లాగాయి. పళ్లు బిగించి ముందుకు ఉరికాను. వరహాలు వెనక ఇద్దరు శత్రువులు కనబడ్డారు. నోరు విప్పలేదు. వాళ్లు వాణ్ణి పడగొట్టే సందులో ఇద్దర్నీ కాల్చేశాను. తర్వాత శ్యామ్ పోయాడు. ఆఖరికి ఒంటరిగా మిగిలి నేనూ పోయాను. చిత్తుగా ఓడిపోయాం.

పట్టిక వచ్చింది. అందరికన్నా పైన నేను.

స్కోరొక్కటే ఉంటే గెలవలేమని ఇప్పటికైనా తెలిసొచ్చిందేమోనని శ్యామ్ మొహంలోకి చూశాను. చప్పట్లు కొట్టాడు.

"అరె వా! ఇన్నాళ్లూ ఎక్కడ దాసేవే ఈ ఆట? ఇలాగే ఆడు. నీ ప్లేస్ పక్కా."

"ఓడిపోయాం కదన్నా!"

"అది ఈళ్లిద్దరి వల్ల. నీ స్కోర్ సూడు, సూపర్!"

కోరుకున్న చోటు చేతికందింది. ఒక్క క్షణం ఆశపడ్డాను కూడా. అంతలో చందు మొహం కనబడింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"నాకొద్దన్నా. నేను లేపే ఆటే ఆడతాను. ఆ ఆటతోనే పోటీకి ఎల్తాను. నీ జట్టులో కాకపోతే నా జట్టులో."

శ్యామ్ పగలబడి నవ్వాడు. "నీ జట్టా? నీతో ఎవడొత్తాడే?"

"నేనొత్తాను," అంటూ చందు లేచాడు.

వరహాలు అప్పటికే గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్నాడు. "జగ్గు లేకపోతే మనం ఎంతసేపు బతుకుతామో ఇయ్యాలే తెలిసింది," అన్నాడు.

శ్యామ్ నవ్వు ఆగిపోయింది. "నలుగురుండాలి కదా. నాలుగో మనిషేడీ?"

"నువ్వు రా అన్నా," అన్నాను. "కెప్టెన్ని మాత్రం నేను."