పిప్పరమెంట్ల అర

వెర్నా కార్డ్‌వెల్ ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారైనా కోడలు ట్వైలా సంచిలోంచి దేన్నీ అడిగి తీసుకున్న పాపాన పోలేదు. చర్చిలో కూర్చోగానే ఆ సంచి జిప్పు లాగడం, పిప్పరమెంటు బిళ్ళ తీసి నోట్లో వేసుకోవడం, దాని కాగితాన్ని మళ్ళీ అదే సంచిలో పడెయ్యడం. ఆవిడకి అదీ ప్రార్థనలో ఒక భాగమే. ఆవిడ ఒక్కతేనా? ట్రక్కు తాళాలు కనబడకపోతే ట్వైలా మొగుడు గార్లండ్ సంచిని బల్లమీద బోర్లిస్తాడు. కొడుకు చిల్లరకి, అయిదేళ్ళ మనవరాలు మైసీ చూయింగ్ గమ్ముకి. ఆ ఇంట్లో తలుపులన్నిటికీ గడియలున్నాయి, ట్వైలా సంచికి తప్ప. గడియ కావాలని ఆమె ఎన్నడూ అడగనూ లేదు.

సరస్సు ఒడ్డున టూరిస్టులకి అద్దెకిచ్చే ఇళ్ళు శుభ్రం చేస్తుంది ట్వైలా. జనం ఖాళీ చేసి వెళ్ళాక ఒక్కతీ వెళ్ళి దుప్పట్లు మార్చి, స్నానాలగదులు కడిగి, బీరు డబ్బాలు ఏరి రావాలి. ఏప్రిల్లో, ఖాళీ అయిందనుకున్న ఒక ఇంట్లో ఒకడు ఇంకా ఉన్నాడు. గుమ్మానికి అడ్డంగా నిలబడి కదల్లేదు. ఏమీ చెయ్యలేదు. టాయిలెట్ బ్రష్షు పట్టుకుని ఆమె వణుకుతుంటే సరదా తీరేదాకా చూసి, నవ్వి, తప్పుకున్నాడు. ఇంటికొచ్చి చెబితే గార్లండ్ టీవీ మీంచి చూపు తిప్పకుండా, "నలభై ఎనిమిదేళ్ళొచ్చాయి, నిన్నెవడెత్తుకుపోతాడే?" అన్నాడు. వెర్నా పగలబడి నవ్వింది. నవ్వకపోతే ఉడుక్కుందంటారని ట్వైలా కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకి చెవులు కాలతాయి.

పిస్తోలు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తనే కొనుక్కుంది. లైసెన్సు కోసం మార్వా దగ్గర క్లాసులో చేరింది. మార్వా ఒకప్పుడు షెరీఫ్ దగ్గర పోలీసుగా పనిచేసిన మనిషి, శనివారాలు ఆడవాళ్ళకి నేర్పుతుంది. నడుముకి కట్టుకుంటే ట్వైలా వంగి తొట్టె కడిగినప్పుడల్లా పొట్టలో గుచ్చుకునేది, చొక్కా కింద ఉబ్బెత్తుగా కనబడేది. "నడుమెక్కడుందే కట్టడానికి?" అని గార్లండ్, అది వట్టి బెల్టే అనుకుని. అందుకని పక్కన వేరే అర, ఆ అరకి చిన్న తాళం ఉన్న చేతిసంచి కొంది. దాన్ని చూసి మార్వా పెదవి విరిచింది.

"సంచిలో పెట్టుకుంటానంటావా, అయితే విను. అది నీ భుజాన ఉండాలి, లేదా ఇనప్పెట్టెలో ఉండాలి. కుర్చీకి తగిలిస్తాను, పక్కన పెట్టుకుంటాను అంటే కుదరదు. ఇంకొకళ్ళ చెయ్యి అందులోకి పోకూడదు. మొగుడైనా సరే, పాస్టరైనా సరే."

"మా ఇంట్లో నా సంచి నాది కాదు తల్లీ, ఊరుమ్మడిది," అంది వెనక బెంచీలో ఒకావిడ. అందరూ ఘొల్లున నవ్వారు.

మార్వా నవ్వలేదు. "అయితే నువ్వు తుపాకీ కొనకు," అంది.

వేలు ట్రిగ్గర్ మీద ఆనించకూడదన్నదీ, గురికి అవతల ఏముందో చూసుకోవాలన్నదీ ట్వైలాకి మొదటిరోజే వంటబట్టాయి. ఇంట్లో చెప్పాల్సిన ఆ ఒక్క మాటే నోటికి రాలేదు. గిన్నెలు తోముతూ లోలోపల వల్లించుకునేది, ఇకమీదట నా సంచి ముట్టుకోకండి అని. అంతలోనే వాళ్ళ జవాబులూ వినబడేవి. ఏం, వజ్రాలు దాచావా? మాకు తెలీని సంసారం ఏముందే నీకు? పోనీ అసలు కారణం చెబుదామంటే, గార్లండ్ దాన్నొక వేళాకోళం చేసి సాయంత్రానికి ఊరంతా పంచుతాడు. అందుకే ఒక ఉపాయం పన్నింది. పిప్పరమెంట్లనీ గమ్మునీ పైఅరలో, చెయ్యి పెట్టగానే తగిలేలా సర్దింది. బిళ్ళ దొరికితే ఆ చెయ్యి పక్క అరకి పోదు కదా. తాళం వేస్తే అవసరానికి అందదని తాళమూ వెయ్యలేదు. తన తెలివికి తనే మురిసిపోయింది కూడా.

ఆ ఆదివారం పాటకి అందరూ లేచారు. ట్వైలా సంచిని బెంచీ మీద పెట్టి లేచింది. పాట అయింది, పాస్టర్ కళ్ళు మూసుకోమన్నాడు, చర్చి నిశ్శబ్దమైంది. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చిన వెర్నా చెయ్యి అలవాటుగా వెళ్ళింది, పక్క అరలోకి.

"ట్వైలా! ఇదేమిటే?"

తోలు ఒరతో సహా పిస్తోలు ఆవిడ ఒళ్ళో ఉంది. ముందు బెంచీవాళ్ళు తలలు తిప్పారు. ట్వైలా క్లాసులో నేర్పినట్టే దాన్ని నేలవైపుకి ఉంచి అందుకుని, లోపల పెట్టి తాళం వేసింది. అప్పుడు మైసీ, పెద్దవాళ్ళకి సాయం చేసే గొంతుతో, అందరికీ వినబడేలా చెప్పింది:

"తాతమ్మా, అది బిళ్ళల అర కాదు. అందులో ఉండవు. నేను వెతికా."

కారులో గార్లండ్ నోటికొచ్చినట్టు తిట్టాడు. "ఊరందరిముందూ మా అమ్మ పరువు తీశావు!"

"నా కోడలి సంచిలో చెయ్యి పెట్టడానికి నేను చీటీ రాయించుకోవాలా?" అంది వెనకనుంచి వెర్నా. ట్వైలా ఆవిడకి క్షమాపణ చెప్పింది, గార్లండ్‌కీ చెప్పింది. తర్వాత పక్కన కూర్చున్న మైసీ వైపు వంగి మెల్లగా అడిగింది.

"ఎప్పుడు వెతికావమ్మా?"

"నువ్వు గిన్నెలు తోముతున్నప్పుడు. చల్లగా ఉంది నానమ్మా."

జిగటగా ఉన్న ఆ చిన్ని వేళ్ళని ట్వైలా ఇంటిదాకా తన చేతిలోనే పట్టుకుంది. తను సింకు ముందు నిలబడి చెప్పలేని మాట వల్లించుకుంటున్నప్పుడు, తన వీపు వెనకే ఈ వేళ్ళు దాన్ని తడిమాయి. గుమ్మంలో నిలబడినవాణ్ణి తిట్టుకుంది, గార్లండ్‌ని తిట్టుకుంది, వెర్నాని అయితే రోజూ తిట్టుకుంది. కానీ తూటాలున్న పిస్తోలుని చంటిదానికి అందేలా పెట్టింది వాళ్ళెవరూ కాదు. అత్తగారు మూతి ముడుస్తుందని భయపడ్డ మనిషి పెట్టింది. తూటాకంటే ఆ ముడిచిన మూతికే ఎక్కువ జడిసింది. ఇదెవరితో చెప్పుకుంటుంది? చెప్పుకుంటే ఆడవాళ్ళెవరైనా మొహాన ఉమ్మెయ్యరూ?

మర్నాడు పిస్తోలుని దుకాణంలో తిరిగి అమ్మేసింది. "నడుముకి సరిపోయే మంచి ఒర నేనిప్పిస్తాగా, అప్పుడే వదిలెయ్యకు," అంది దుకాణానికి తోడొచ్చిన మార్వా.

"ఒర కాదు మార్వా. వద్దనడం ముందు నేర్చుకోవాలి నేను."

అక్కణ్ణుంచే అద్దె ఇళ్ళ యజమానికి ఫోన్ చేసి, ఇకమీదట తోడు పంపకపోతే ఏ ఇంటికీ వెళ్ళనని చెప్పింది. అతను సణిగాడు, చివరికి సరేనన్నాడు. ఫోన్ పెట్టేసరికి ఆమె చంకలు తడిసిపోయాయి.

మరుసటి ఆదివారం చర్చిలో వెర్నా చెయ్యి మళ్ళీ వచ్చింది. ట్వైలా జిప్పు మీద తన అరచెయ్యి ఆనించింది.

"అడగండి అత్తయ్యా, ఇస్తాను."

"ఇప్పుడు దాంట్లో ఏముందనే?"

"బిళ్ళలే."

వెర్నా మూతి ముడిచింది. పాట అయ్యేదాకా ముడుచుకునే ఉంది. ట్వైలాకి మొహం కాలిపోతోంది, చెయ్యి మాత్రం తియ్యలేదు. ఆఖరికి వెర్నా గొణిగినట్టు అడిగింది. ట్వైలా ఒక బిళ్ళ తీసి ఇచ్చింది.

పిస్తోలు కొని అమ్మినందుకు ఆమెకి నష్టం రెండువందల పద్నాలుగు డాలర్లు.