ఎర్రగట్టు రేవులో ఆదివారం

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి పిల్లలూ. పొయ్యికి మరీ ఆనుకోకండి, కోట్లు కాలతాయి. ఆ వెనక నిలబడ్డవాళ్లు కూడా రండి, ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు.

మీరు పుట్టకముందు మాట. నది ఒడ్డున చివరి ఇల్లు ఎఫీ అవ్వది. ఆగస్టు వచ్చిందంటే ఆ ఇంటి వంటబల్ల నిండా దారి పటాలే, గిన్నె పెట్టడానికి చోటుండేది కాదు. అడవి చూడ్డానికి వచ్చేవాళ్ల ప్రయాణాలన్నీ అవ్వ మనవడు ఇలైజా అక్కడ కూర్చునే ఆలోచించేవాడు. నదిలోకి సాల్మన్ రావడం మానేశాక చేపలకు పొగబెట్టే పాకలో సాలెగూళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. వాడికీ, వాడి పెళ్లాం మైరాకూ చలికాలం గడవాలంటే ఈ పనే ఆధారం. గుడారం ఎక్కడ వెయ్యాలి, దోనెను నీళ్లలోంచి తీసి ఎక్కడ భుజాన మొయ్యాలి, ఎండుమాంసం ఎంత, దోమలకు ఏం రాసుకోవాలి, అన్నీ అనుకున్నాక తలుపు దగ్గరున్న బూట్ల వైపు తిరిగి ప్రయాణమంతా ఒకసారి పైకి చెప్పేవాడు.

ఆ బూట్లు అవ్వ మొగుడు లాజరస్ తాతవి. తాత పోయి చాలా ఏళ్లయింది, కానీ దారి ముందుగా చూసి రావడం మానలేదు. సాయంత్రం చెబితే తెల్లారేసరికి బూట్లు తడిసి ఉండేవి. అవ్వ వాటిని తిరగేసి చూసేది. ఇసుక అంటి ఉంటే నదిలో నీళ్లు తగ్గాయని, బూడిద ఉంటే కొండవతల అడవి కాలుతోందని. ఒకసారి మడమకు ఎలుగు వెంట్రుకలు అంటుకొస్తే ఇలైజా గుడారం చోటు మార్చాడు. చూడడం అయ్యాక అవ్వ లోపలి తడిగడ్డి తీసి, ఎండుగడ్డి కూరి, పొయ్యి పక్కన ఆరబెట్టేది. బతికుండగానూ కాళ్లు తుడుచుకోడు, చచ్చాకా తుడుచుకోడు అని సణిగేది.

బూట్లకు చెప్పడానికి ఒక పద్ధతుంది. దారి చెప్పొచ్చు, రోజు చెప్పొచ్చు. జంతువు మాట మాత్రం అనకూడదు. ఫలానా చోట కారిబూ జింకల మంద కనిపిస్తుంది అనకూడదు. అటువైపు వెళ్తాం, వాటికి ఇష్టమైతే చూస్తాం అనాలి. వాటి తరఫున మాటివ్వడానికి మనమెవరం? మీ నాన్నలు వేటకు వెళ్తూ ఊరికే అలా తిరిగొస్తాననే ఎందుకంటారనుకున్నారు?

ఆ ఏడు వైట్‌హార్స్ పట్నం నుంచి చిన్న విమానంలో జర్మనీ వాళ్లిద్దరు దిగారు, యోర్గ్, ఆయన భార్య హెల్గా. పెద్దవాళ్లే. ఆవిడకు చూపు పోతోంది. మళ్లీ ఏడాదికి ఏమీ కనపడదని వైద్యులు తేల్చేశారట. పటం మీద ముక్కు ఆనించి చూసేది. చిన్నప్పుడు వాళ్ల నాన్న అంగట్లో క్యాలెండరు మీద మంద నది దాటుతున్న బొమ్మ ఉండేదట. అదొక్కటి చూస్తే చాలంది. ఏ రోజు, ఎక్కడ అని యోర్గ్ అడుగుతూనే ఉన్నాడు. వాటికి ఇష్టమైతే, అని ఇలైజా ఓపిగ్గా చెబుతూనే ఉన్నాడు. ఆవిడ టీ కోసం బల్ల మీద తడుముకుంది. చెయ్యి వెళ్లి రొట్టెల పళ్లెంలో పడింది.

అది చూసి ఇలైజా ఆగలేకపోయాడు.

"ఆదివారం మధ్యాహ్నం, ఎర్రగట్టు రేవులో. మంద దాటుతుందమ్మా. నేను చూపిస్తాను."

కడుగుతున్న గిన్నెను మైరా అలాగే పట్టుకుని నిలబడిపోయింది. అవ్వ మనవణ్ణి పక్కకు పిలిచి, ఆ మాట వెనక్కి తీసుకోమంది.

"ఆవిడ వినేసింది కదా అవ్వా, ఇప్పుడెలా కాదనను?"

"ఆవిడొక్కతే విందనుకుంటున్నావురా?"

పొద్దున బూట్లు తలుపు దగ్గర లేవు. ఆ మర్నాడూ రాలేదు. ఇరుగుపొరుగు వచ్చి, ఖాళీ చోటు చూసి వెళ్లిపోయారు. తాత వచ్చేదాకా ఆగమంది అవ్వ. ఆగితే ఆదివారం దాటిపోతుంది. హెల్గా అప్పటికే దోనెలో కూర్చుని ఉంది. మైరా ఇలైజా కోటు గుండీలు మెడదాకా పెట్టి పంపింది.

తర్వాతి సంగతి యోర్గ్ చెబితేనే తెలిసింది. దారి పొడవునా ఒక్క పిట్ట కూడా ఎగరలేదట. ఆదివారం మధ్యాహ్నానికి ఎర్రగట్టు రేవును పొగమంచు కమ్మేసింది. అప్పుడు, నడిచే కారిబూల కాళ్ల కీళ్లు టిక్కుటిక్కుమనే చప్పుడు వినిపించింది. మంద దిగింది. హెల్గా చెయ్యి చాపితే తడి వీపులు తగిలేంత దగ్గరగా, సాయంత్రం దాకా దిగుతూనే ఉంది. ఆవిడ ఏడుస్తూ నవ్వుతూ కూర్చుంది.

దాటిన మంద ముందుకు కదల్లేదు. పొగమంచు కాస్త పల్చబడేసరికి అవతలి గట్టు నిండా నిలబడి, అన్నీ ఇటే చూస్తున్నాయి. ఇవతలి గట్టున, నీళ్ల అంచున, తాత బూట్లు నదివైపు తిరిగి ఉన్నాయి. తిరిగి తిరిగి అడుగులు అరిగిపోయాయి.

ఇలైజా రాయి మీద కూర్చుని తన బూట్లు విప్పాడు. చీలిన బండ వచ్చాక ఎడమ పాయ పట్టుకుంటే ఊరొస్తుందని యోర్గ్‌కు రెండుసార్లు చెప్పాడు. నువ్వెక్కడికయ్యా అని యోర్గ్ అడిగాడు.

"నా మాట మీద ఇంత దూరం వచ్చాయండి. ఉత్తి చేతుల్తో ఎలా పంపను?"

తాత బూట్లు వాడికి సరిపోయాయి. నీళ్లలోకి దిగాడు. ఈదుతున్న తల కొంతదూరం కనపడిందనీ, అవతల మనిషెవరూ ఎక్కలేదనీ యోర్గ్ చెప్పాడు. హెల్గా మాత్రం తను చివరిదాకా చూశానంది. గట్టెక్కి, ఒళ్లు విదుల్చుకుని, మందలో కలిశాడంది. ఎలా ఉన్నాడని మైరా అడిగితే ఆవిడ తల దించుకుంది.

నది గడ్డకట్టేదాకా మనవాళ్లు వెతికారు. ఏమీ దొరకలేదు.

ఇప్పుడు మంద ఏటా అదే ఆదివారం, అదే వేళకు ఎర్రగట్టు దాటుతోంది. ఆ రోజు అక్కడ ఎవరూ తుపాకీ ఎత్తరు. మైరా గట్టున నిలబడి ఒక్కొక్క ముఖమే చూస్తుంది. ఇంతవరకూ వాణ్ణి పోల్చుకోలేకపోయింది. అందుకే మాంసం ముట్టడం మానేసింది. మన ఊళ్లో అది లేకుండా తినడానికి ఏముంది? దుకాణంలో డబ్బా చిక్కుళ్లతో చలికాలాలు వెళ్లదీస్తోంది.

ఇక లేవండి. ఈ పూట అందరిళ్లలోనూ కారిబూ పులుసే, వాసన ఇక్కడిదాకా వస్తోంది. వెళ్లి చల్లారకముందే తినండి. ముక్క వదలకండి. ఎముకలు కుక్కలకు వెయ్యకండి.