ఒక్క దెబ్బకే

కాలర్ కొసను రెండు వేళ్లతో బిగలాగి పట్టుకుని, పెద్దక్క ఇస్త్రీపెట్టెను కొస నుంచి మధ్యకి నడిపింది. మధ్య నుంచి కొసకి నడిపితే ముడతంతా పోయి చివర కూర్చుంటుంది. కాలర్ అయ్యాక కఫ్‌లు, కఫ్‌లయ్యాక చేతులు, ఆ తర్వాత వీపు, చిట్టచివర గుండీల పక్క. పెట్టె కింద బుస్సుమని ఆవిరి లేచినప్పుడల్లా ఆమె కళ్లు వాటంతటవే మూసుకుని తెరుచుకుంటున్నాయి. చొక్కా మడిచి పక్కన పెట్టి, చూడకుండానే ఇంకోటి అందుకుంది.

ఇన్నేళ్ల ఆవిరికి ముఖం ఉడికినట్టు ఎర్రబడిపోయింది. కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి జారింది. మోచేతుల దాకా కాలిన మచ్చలు. కొన్ని పాతబడి తెల్లగా ఉన్నాయి, మొన్నటిదొకటి ఇంకా పచ్చిగానే ఉంది. ఆ డ్రైక్లీనింగ్ షాపులో ఆమెని అందరూ పెద్దక్క అనే పిలుస్తారు. ఆమెకంటే పదేళ్లు పెద్దవాడైన యజమాని కూడా అలాగే పిలుస్తాడు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమె పలుకుతుందో లేదో అనుమానమే.

"ఇవాళైనా సెలవు పెట్టకపోయావా?" అంది పక్క బల్ల దగ్గర మరకలావిడ. బట్టల మీది మరకలు తీయడం ఆవిడ పని. సిరా, కాఫీ, తుప్పు, ఏదైనా సరే వదిలిస్తుంది. మనుషుల్ని మాత్రం వదలదు.

"సెలవెందుకు? ఇంట్లో ఏమైనా శుభకార్యమా?"

"చెల్లెలు ఊరొదిలి వెళ్తోంది కదమ్మా!"

"వెళ్తానంటోంది. వెళ్తుందో లేదో సాయంత్రం చూద్దాం" అంది పెద్దక్క, పెట్టెను చొక్కా మీద కాస్త గట్టిగానే ఆనిస్తూ.

సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంటే ఆ ప్రయాణానికి తను ఒప్పుకున్నట్టే అవుతుందని ఆమె భయం. పనికి వచ్చేస్తే ఇది కూడా అన్ని రోజుల్లాంటి రోజే. సాయంత్రం ఇంటికెళ్లేసరికి చిన్నది ఎప్పట్లాగే వెనక గదిలో ఉంటుంది. చిన్నదంటే చెల్లెలు. నలభై దాటింది, కళ్లద్దాలొచ్చాయి, చెంపల దగ్గర నెరిసింది. అయినా పెద్దక్క నోటికి అది చిన్నదే.

చిన్నప్పుడు చెల్లెలికి ఫిట్స్ వచ్చేవి. నిలబడిన చోటే విరుచుకుపడిపోయేది. ఎడమ కనుబొమ మీద ఇప్పటికీ గీత ఉంది. అమ్మ పోతూ పోతూ ఆ పిల్ల చేతిని తెచ్చి పెద్దక్క చేతిలో పెట్టింది. ఆ పట్టిన పట్టు ఆమె మళ్లీ వదల్లేదు. పొయ్యి దగ్గరికి రానివ్వలేదు, సైకిలు ఎక్కనివ్వలేదు, రోడ్డు ఒంటరిగా దాటనివ్వలేదు. లోపల పడిపోతే ఎలాగని ఇంట్లో తలుపులన్నిటికీ గడియలు ఊడబీకేసింది, స్నానాల గదితో సహా. తను పెళ్లి మాట ఎత్తలేదు, చెల్లెలికి వచ్చిన సంబంధాన్ని వాకిట్లోంచే సాగనంపింది. ఎన్నో ఏళ్ల కిందటే డాక్టరు చెప్పాడు: "ఇక భయం లేదమ్మా, మందు వేసుకుంటూ అందరిలాగే తిరగొచ్చు." పెద్దక్క బుద్ధిగా తలూపింది. ఇంటికెళ్లే బస్సులో కూర్చునేసరికి, డాక్టర్లు అలాగే చెప్తారులే అనుకుంది. గడియలు ఊడబీకినవి ఊడబీకినట్టే ఉండిపోయాయి.

చెల్లెలు వెనక గదిలో కూర్చునే సంపాదించుకుంటోంది. పార్సిల్ పోయిందనో పగిలిందనో ఫోన్లో అరిచేవాళ్లని చల్లబరిచే ఉద్యోగం. అది అయ్యాక ఆట. ఏళ్ల తరబడి అదొక్కటే ఆట. అడవులూ కొండలూ, వాటిలో ఇల్లంతేసి మృగాలు, వాటిని వేటాడే మనుషులు. గోడ అవతలి నుంచి ఆ గర్జనలూ డప్పులూ వినబడినప్పుడల్లా "ఆ దెయ్యాల గోల కాస్త తగ్గించవే" అనడం తప్ప పెద్దక్క ఏనాడూ ఆ గదిలోకి తొంగిచూసింది లేదు.

అలాంటిది, కంపెనీవాళ్లు వేరే ఊళ్లో కొత్త ఆఫీసు పెట్టి "నువ్వే వచ్చి చూసుకో" అన్నారనీ, తను సరేనన్నాననీ చెల్లెలు చెప్పిన మర్నాడు, పెద్దక్క వెళ్లి ఆ గదిలో కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాకూ నేర్పించు" అంది. అరిచి చూసింది, అలిగి చూసింది, అమ్మ మాట ఎత్తి చూసింది. ఏదీ పని చేయలేదు. ఇద్దరం కలిసి ఆడుకుంటుంటే వదిలి వెళ్లడానికి దానికి కాళ్లాడవు కదా అని ఆశ పుట్టింది.

తీరా చూస్తే అందులో ఏముంది? పెద్దక్క మీట నొక్కడం, మృగం పడిపోవడం. ఏళ్ల తరబడి చిన్నది ఆడిన ఆట తనకి రెండు వారాల్లో విసుగు పుట్టింది.

"నిన్న బురద మొసలిని చంపేశా" అంది ఇప్పుడు, మాట మార్చడానికి.

"ఏది, వీపు మీద ముళ్లుండి, నోరు తెరిస్తే బురద కక్కుతుంది, అదా?"

"అదే. రెండు దెబ్బలు, అంతే. వెల్లకిలా పడింది. దాని తోక నాకు తగిలింది కూడానూ, దోమ కుట్టినట్టయినా లేదు. దానికింత గోలేమిటో!"

మరకలావిడ చేతిలో బ్రష్షు కింద పెట్టేసింది. "మా ఆయన ఆడేదీ అదే ఆట పెద్దక్కా. ఆ మొసలితో తల ప్రాణం తోకకొచ్చిందాయనకి. తోక తగిలితే చాలు, చచ్చిపోయేవాడు. అలిగి అన్నం మానేసేవాడంటే నమ్ము. నీకు రెండు దెబ్బలకే ఎలా పడింది?"

"మీ ఆయనకి చేతకాదు."

"ఆయనకి చేతకాదు సరే. ఆయనతో ఆడేవాళ్లందరికీ చేతకాదా? నీ చెల్లెలు ఏదో చేసింది. అడిగి చూడు."

పెద్దక్క నవ్వేసింది. చేతిలో పని సాగుతూనే ఉంది గానీ మనసు మొసలి దగ్గరే ఆగిపోయింది. నిజమే, తనకి ఒక్కసారైనా దెబ్బ తగిలినట్టు అనిపించలేదేం? ఒక్కసారైనా ఓడిపోలేదేం? ఆటలో తన పక్కనున్న చెల్లెలు ఒక్క మృగాన్నైనా చంపలేదేం, ఎప్పుడూ ఒక అడుగు వెనకే నిలబడిందేం?

కమురు వాసన వచ్చేదాకా ఆమెకి తెలియలేదు. పెట్టె ఎత్తేసరికి తెల్లచొక్కా వీపు మీద గోధుమరంగు త్రికోణం అచ్చుపడి ఉంది. ఆ షాపులో చేరాక ఆమె చేతిలో బట్ట కాలడం అదే మొదలు. మరకలావిడ చొక్కా లాక్కుని వెలుతురులో పెట్టి చూసి, "ఇది మరక కాదు పెద్దక్కా, నా వల్ల కాదు" అంది. యజమాని వచ్చి చొక్కా వైపూ ఆమె ముఖం వైపూ చూసి స్విచ్ కట్టేశాడు. "ఇంటికెళ్లమ్మా. ఆ పిల్లని పంపించి రా" అన్నాడు.

చెల్లెలు ముందుగదిలో ఉంది. బూట్లు తొడుక్కునే ఉంది. గుమ్మం పక్కన ఒక్కటే సంచి, జిప్పు పూర్తిగా వేసి. పెద్దక్క సంచి వైపు చూడనట్టే చూసి, చెప్పులైనా విప్పకుండా అడిగింది.

"ఆటలో నాకేం చేశావే?"

చెల్లెలు దొరికిపోయిన పిల్లలా నాలుక కరుచుకుంది. "ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పారు. నువ్వు చెప్పు."

"మొదటి రోజే నా కవచం నీకు తొడిగేశానక్కా. కత్తి కూడా నాదే. నువ్వు టీ పెట్టడానికి లేచినప్పుడు."

"ఎందుకు?"

"కొత్తవాళ్లెవరైనా మొదట్లో చస్తూనే ఉంటారు. చచ్చి చచ్చే నేర్చుకుంటారు. నువ్వు రెండుసార్లు చచ్చావంటే విసుక్కుని లేచిపోతావని భయమేసింది. ఇన్నేళ్లకి మొదటిసారి వచ్చి నా పక్కన కూర్చున్నావు. ఊరికే కూర్చున్నా చాలనుకున్నా."

"అయితే ఆ మొసలిని చంపింది నేను కాదన్నమాట."

"నువ్వే. కాకపోతే..."

"కాకపోతే ఏమిటి? షాపులో అందరికీ గొప్పగా చెప్పుకున్నానే!" అంది పెద్దక్క. "దీనికేం చేతనవుతుందిలే అనుకున్నావు. నాతో ఒక్క మాట చెప్పకుండా, నవ్వుతూ పక్కనే కూర్చుని... ఎంత చిన్నతనంగా ఉందో తెలుసా?"

చెల్లెలు కళ్లద్దాలు తీసింది. తుడవలేదు, అలాగే పట్టుకుంది.

"తెలుసక్కా" అంది.

దెప్పినట్టు అనలేదు. మెల్లగా, జాలిగా అంది. అందుకే ఆ మాట పెద్దక్క గుండెల్లో సూటిగా దిగింది. గోడకి చేరగిలబడి, గడియ లేని వెనక గది తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది. గడియ ఊడిన చోట రంగు లేని చతురస్రం, నాలుగు రంధ్రాలు. రెండు వారాల ఆటలో తనకే ఇంత కష్టంగా ఉంటే ఇది ఇన్నేళ్లు ఎలా భరించిందో! తప్పు చేశాను, చాలా తప్పు చేశాను అనుకుంది. గబగబా ఆ గదిలోకి వెళ్లి టీవీ ముందు కూర్చుంది.

"తీసెయ్" అంది.

"ఏంటి?"

"నీ కవచం, నీ కత్తి, అన్నీ. నేనెలా పుట్టానో అలా ఉంచు."

చెల్లెలు గోడ గడియారం చూసింది. ఇంకా టైముంది. పక్కన కూర్చుని ఒక్కొక్కటే తీసేసింది. చివరికి తెర మీద గోనెగుడ్డలాంటి చొక్కాతో, చేతిలో మొండి కత్తితో, అడవి అంచున ఒక బక్కమనిషి మిగిలాడు. పొదలోంచి మేకంతటి జంతువు ఒకటి వచ్చి కొమ్ముతో ఒక్కటిచ్చింది. అంతే, మనిషి పోయాడు.

"అయ్యో!" అంది పెద్దక్క.

రెండోసారీ పోయాడు. మూడోసారి పారిపోబోయి వాగులో పడి పోయాడు. నాలుగోసారి చెల్లెలి చెయ్యి తనకి తెలియకుండానే కంట్రోలర్ మీదికి వచ్చింది.

"ముట్టుకోకు!" అని కసిరింది పెద్దక్క. "నా చావేదో నన్ను చావనీ!"

ఒక్క క్షణం ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు చెల్లెలికి నవ్వొచ్చింది. తర్వాత పెద్దక్కకీ వచ్చింది. నవ్వి నవ్వి పెద్దక్కకి పొలమారింది, చెల్లెలు వీపు తట్టింది. మళ్లీ మనిషి లేచాడు, మళ్లీ పోయాడు. "అది కొమ్ము దించినప్పుడు పక్కకి దూకాలి, కొట్టకూడదు" అని చెప్పింది చెల్లెలు, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని. పెద్దక్క అలాగే దూకింది, రాయికి కొట్టుకుంది. ఆ గదిలో ఆ అక్కాచెల్లెళ్లు అంత నవ్విన రోజు ఇంకోటి లేదు. మధ్యలో ఒక గోడే కదా అడ్డం, లేచి రావడానికి ఇన్నేళ్లు పట్టిందేం నాకు అని నవ్వుల మధ్యే అనుకుంది పెద్దక్క.

"అక్కా, టైమైంది. బయల్దేరతాను."

"ఆగాగు, జంతువు కుంటుతోంది చూడు, పడబోతోంది! స్టాపు దాకా నేనూ వస్తా, సంచి పట్టుకుంటా."

"నువ్వు లేవకు. ఇది మధ్యలో ఆపే ఆట కాదు, లేస్తే చస్తావు." చెల్లెలి అరచెయ్యి ఒకసారి ఆమె తల మీద ఆని, జారి, భుజం నొక్కింది. "సంచి బరువేం లేదు. చేరగానే ఫోన్ చేస్తా."

"సరే... జాగ్రత్త" అంది పెద్దక్క, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

జంతువు కొమ్ము దించింది. ఆమె పక్కకి దూకింది. మళ్లీ దించింది, మళ్లీ దూకింది. తలుపు తెరుచుకుని మూసుకున్న చప్పుడు వినబడింది. వేళ్లు చెమటకి జారుతున్నాయి, నోరెండిపోతోంది. మూడోసారి అది కొమ్ము దించి ఎత్తేలోపు మొండి కత్తితో మెడ మీద కొట్టింది, ఇంకోటి కొట్టింది, ఇంకోటీ కొట్టింది. జంతువు మోకాళ్ల మీద కూలి, పక్కకి ఒరిగిపోయింది.

"చూశావా చిన్నదానా! ఎవరి సాయం లేకుండా..." అంటూ తిరిగింది.

పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. లేచి ముందుగదిలోకి చూస్తే గుమ్మం దగ్గర సంచి లేదు.

తెర మీద బక్కమనిషి ఊపిరి పీలుస్తూ నిలబడి ఉన్నాడు. గెలిచినందుకు ఏదో సంగీతం వస్తోంది. అది విని తట్టుకోలేక ఆమె టీవీ కట్టేసింది. కట్టేశాక వినబడింది, బయట చినుకులు. చూస్తుండగానే ఊపందుకున్నాయి.

తలుపు వెనక మేకుకి చెల్లెలి గొడుగు వేలాడుతోంది. మర్చిపోయిందో, వదిలేసిందో.

పెద్దక్క గొడుగు అందుకుంది. ఒక కాలికి చెప్పు తొడిగింది. వీధి మలుపు తిరిగితే స్టాపే, పరిగెత్తితే అందుతుంది. రెండో చెప్పు కోసం కాలు చాపి, ఆగింది.

"తడిస్తే తుడుచుకుంటుందిలే" అంది పైకే. అని, గుమ్మంలో కూలబడి, ఏడ్చింది. ఈ మాట అనడానికి ఇప్పుడా నాకు నోరొచ్చింది, దానికి ఇరవై ఏళ్లప్పుడు రాకూడదూ అని ఏడ్చింది. వీధి చివర బస్సు ఆగిన చప్పుడు, కాసేపటికి కదిలిన చప్పుడు వచ్చాయి. ఆ తర్వాత వానే.

చీకటి పడుతుంటే లేచి, గొడుగును మళ్లీ మేకుకి తగిలించబోయింది. వేళ్లకి పట్టీ తగిలింది. చిన్నది రోడ్డు మీద ఎక్కడైనా పడిపోతే చూసినవాళ్లు కబురు చేస్తారని, గొడుగు కొన్న రోజునే ఆ పట్టీ మీద తన ఫోన్ నంబరు ఎర్రదారంతో కుట్టింది పెద్దక్క. దారం వెలిసిపోయింది గానీ, ఒక్క అంకె కూడా కుట్టు వదల్లేదు.