వెయిటింగ్ రూములో నిండు కప్పు

శుక్రవారం వచ్చిందంటే ఉమ్ రుజూమ్ స్టేషన్లో మొదటి కాఫీ వెయిటింగ్ రూముకే వెళ్లేది. ఆ గదిలో ఎవరూ ఉండరు. తలుపుకు ఒక రెక్కే మిగిలింది. కిటికీలకు అద్దాలు లేవు. గోడ వెంట ఒక రాతి అరుగు మాత్రం ఉంది. హనాదీ వాళ్ల తాత అబూ ఘాలిబ్ ఆ అరుగు మీద కప్పు పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసేవాడు. సాయంత్రం రైలు వెళ్లిపోయాక, చల్లారిన కాఫీని పట్టాల పక్కన పారబోసి కప్పు కడిగేవాడు.

"ఎవరికి తాతా?" అని చిన్నప్పుడు ఒకసారి అడిగింది.

"అడక్కు."

హనాదీ మళ్లీ అడగలేదు. అడగడం ఆ పిల్లకు చేతకాని పని. పదహారేళ్లు వచ్చినా, బళ్లో పేరు పిలిస్తే ఉన్నానని చెప్పడానికే గొంతు పెగలదు. కానీ చూడటం వచ్చు. ఆ కప్పులో ఏదో తేడా ఉందని పదేళ్లప్పుడే కనిపెట్టింది. ఎవరికైనా కప్పు అడుగున మూడు గుటకలు పోస్తారు. కావాలంటే మళ్లీ పోస్తారు, చాలనుకున్నవాళ్లు కప్పు అటూ ఇటూ ఆడిస్తారు. అంచు దాకా నింపి ఇచ్చారంటే, తాగి ఇక దయచేయండి అని మొహం మీద చెప్పినట్టే. గొర్రెలు దొంగిలించినవాడికి కూడా మూడు గుటకలే పోసిన తాత, ఆ ఖాళీ గదికి మాత్రం పొర్లిపోయేలా పోసేవాడు.

చలి తగ్గాక, ఎండలు ముదరకముందు, శుక్రవారాల్లో అమ్మాన్ నుంచి ఆవిరి బండి వచ్చేది. నల్లటి ఇంజను, దాని వెనక అయిదు చెక్క పెట్టెలు. ఎక్కడికో చేరాలని ఎక్కేవాళ్లు కారు ఆ జనం. ఎక్కడం కోసం ఎక్కేవాళ్లు. స్టేషను వెనక చెట్ల కింద చాపలు పరిచి, మాంసం కాల్చుకుని తిని, మూడు గంటలు కూర్చుని, మళ్లీ అదే బండిలో తిరిగిపోయేవాళ్లు. వాళ్లకు కాఫీ పోయడం అబూ ఘాలిబ్ ముచ్చట. ఒకప్పుడు ఆ ఇంజన్ల మీదే నిప్పు చూసే ఫైర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి మరి.

ఆ శుక్రవారం బండి ఆగీ ఆగకముందే డ్రైవరు జవ్దత్ కిటికీలోంచి కేకేశాడు.

"అబూ ఘాలిబ్! బతికున్నావా, ముసలోడివై చచ్చావా?"

"నిన్ను పాతిపెట్టాకే నేను పోయేది. ఏంటి సంగతి?"

"మా ఫైర్‌మన్‌కి పొద్దున కొడుకు పుట్టాడు, ఆసుపత్రిలో మిఠాయిలు పంచుతున్నాడు. గార్డూ నేనూ కలిసి ఎలాగో ఇక్కడిదాకా లాక్కొచ్చాం. నీళ్లు పట్టాలి, ఇంజను తిప్పి అటు కొసకు తగిలించాలి. ఒంటిచేత్తో నావల్ల కాదు. రా పెద్దాయనా, నిప్పు చూద్దువు గాని."

అబూ ఘాలిబ్ మొహం విచ్చుకుంది. డెబ్బై ఏళ్ల మనిషి, ఇనప మెట్లు పట్టుకుని ఇరవై ఏళ్లవాడిలా ఎక్కబోయాడు. సగం ఎక్కి ఏదో గుర్తొచ్చినట్టు దిగాడు. కాఫీ కూజా హనాదీ ఎడమచేతికిచ్చాడు, కప్పుల దొంతి కుడిచేతికిచ్చాడు.

"నువ్వు పొయ్యి తల్లీ. ముందు ఆ గదిలో పెట్టిరా. నిండా పొయ్యి. పెట్టు, వచ్చెయ్. ఎవరితోనూ మాట్లాడకు."

"నేనెవరితో మాట్లాడతాను తాతా?"

"అదీ నిజమేలే," అని నవ్వి ఇంజనెక్కాడు.

హనాదీ గది వైపే నడిచింది. కానీ చాపల మీదివాళ్లు ఊరుకోలేదు.

"ఓ పిల్లా! ఆ వాసన ఇక్కడిదాకా కొట్టి, కాఫీ అటు పట్టుకుపోతావేంటి?" అని ఒక లావుపాటి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపేసింది. "నోట్లో నాలుక లేదా? పేరేంటి? చూడండి, పేరడిగితే దానిమ్మ గింజలా ఎర్రబడిపోయింది!"

చాప మీద అందరూ నవ్వారు. హనాదీ తల వంచుకుని పోసింది. ఆ చాప అయితే పక్క చాప, అది అయితే ఇంకొకటి. గదికి వెళ్లాల్సిన మొదటి కప్పు ఎవరికో వెళ్లిపోయింది.

చివరి చాప దగ్గర ఒక విదేశీయుడు ఒక్కడే కూర్చున్నాడు. తెల్ల గడ్డం, మెడలో కెమెరా, ఒళ్లో నోటుపుస్తకం. ఆవిరి బండి ఇంకా ఎక్కడ నడుస్తోందో వెతుక్కుంటూ దేశాలు తిరగడమే ఆయన పని అని జవ్దత్ ముందే ఎగతాళి చేశాడు. వచ్చీరాని అరబ్బీలో ఆయన అడిగాడు.

"అమ్మాయీ, మీ పాయింట్స్‌మన్‌ని ఫొటో తియ్యొచ్చా? అడిగితే పలకడం లేదు. పదకొండు దేశాలు తిరిగాను. అలాంటి పాత టోపీ ఇంకా పెట్టుకునేవాణ్ణి ఎక్కడా చూడలేదు."

"మాకు పాయింట్స్‌మన్ లేడు," అంది హనాదీ. పట్టాలు మార్చే మీటను ఎన్నో ఏళ్లుగా గార్డే దిగి వేసుకుంటున్నాడు.

"ఉన్నాడు. అదిగో, ఆ గదిలో."

హనాదీ వెయిటింగ్ రూము గడప దాటగానే బయటి గోల తగ్గిపోయింది. ఎవరో తలుపు మూసినట్టుగా ఉంది, కానీ తలుపు తెరిచే ఉంది. ఎండిన నేల మీద వరద పారినప్పుడు లేచే మట్టివాసన గదంతా కమ్మింది. ఆ నెలలో చినుకు పడలేదు.

అరుగు మీద ఒకాయన కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. రైల్వే టోపీ, ఖాకీ కోటు. కోటు అంచుల నుంచి నీళ్లు ఒక్కో చుక్క కారుతున్నాయి, కింద మాత్రం తడి లేదు. ఒళ్లో చుట్టిపెట్టిన పచ్చజెండా.

హనాదీ కాళ్లు వెనక్కి లాగాయి. కానీ ఎదురుగా మనిషి కూర్చుని ఉండగా, చేతిలో కూజా పెట్టుకుని వెనక్కి తిరిగితే ఇంటి పరువేం కావాలి? నిండా పొయ్యమన్న తాత మాట గుర్తుంది. ఖాళీ గదికైతే పోయగలదు గానీ మనిషి మొహం చూస్తూ అంత అవమానం ఎలా చేస్తుంది? ఆమె చెయ్యి నేర్చుకున్నట్టే వంగింది. మూడు గుటకలు పోసింది.

ఆయన కుడిచేత్తో అందుకున్నాడు. కప్పులోకి చాలాసేపు చూశాడు. పెదవుల దగ్గరికి తీసుకెళ్లలేదు. వంగి, తన పాదాల ముందు నేల మీద పెట్టాడు.

ఇంట్లో పెద్దలు అతిథులను కూర్చోబెట్టే గది తలుపు వెనక నిలబడి హనాదీ ఇది చాలాసార్లు చూసింది. అతిథి కాఫీ ముట్టకుండా కింద పెట్టాడంటే, ఏదో అడగడానికి వచ్చాడని అర్థం. ఏమడుగుతాడో తెలియకముందే ఇంటివాళ్లు మాటివ్వాలి. ఇవ్వకపోతే ఆయన తాగకుండా లేచిపోతాడు, ఆ మచ్చ ఏడు తరాలైనా పోదు. పిల్లను అడిగినవాళ్లున్నారు, హత్యకు క్షమాపణ అడిగినవాళ్లున్నారు. తాత ఎప్పుడూ ఆ మాటకు తడుముకోలేదు.

బళ్లో పేరుకు పలకలేని గొంతు ఇప్పుడు దానంతటదే పలికింది.

"మీ కాఫీ తాగండి. మీరు వచ్చిన పని అయినట్టే."

ఆయన తాగాడు. కప్పు ఆడించి తిరిగిచ్చాడు. కప్పు మంచుగడ్డలా ఉంది.

"దేవుడు మీ ఇల్లు చల్లగా చూడాలి. నా రిలీవర్ రాలేదమ్మా. రెండింటికి రావాలి. జెండా అందుకునేవాడు లేందే డ్యూటీ దిగడానికి లేదు కదా. వాణ్ణి పంపు."

"ఎవరిని?"

"సాలిమ్‌ని."

సాలిమ్ ఎవరో తట్టడానికి హనాదీకి కాసేపు పట్టింది. కొడుకు ఘాలిబ్ పుట్టాక తాత అందరికీ అబూ ఘాలిబే, అంటే ఘాలిబ్ తండ్రే; సాలిమ్ అన్న సొంత పేరుతో పిలిచినవాళ్లే లేరు.

ఆమె పరుగెత్తింది. కప్పులు దారిలో పడి పగిలాయి, ఆగలేదు. అప్పటికే ఇంజను నీళ్లు తాగి, పక్క పట్టాల మీదుగా తిరిగి అటు కొసకు వచ్చి నిలబడింది. జవ్దత్ గార్డును మెచ్చుకుంటున్నాడు.

"మీట భలే వేశావురా, వెన్నలో కత్తి దిగినట్టు!"

"నేనెక్కడ వేశాను?" అన్నాడు గార్డు నోటినిండా మాంసంతో. "నువ్వు ఈల వేస్తావని ఇక్కడే కూర్చున్నా."

ఆ మాటకు అబూ ఘాలిబ్ చేతిలోని నూనెగుడ్డ ఆగిపోయింది. ఆయన మనవరాలి మొహం చూశాడు. ఇంజను దిగి, ఆమెను పక్కకు తీసుకెళ్లాడు.

"ఎంత పోశావు?"

"మూడు గుటకలు."

"కింద పెట్టాడా?"

ఆమె తలూపింది.

"మాటిచ్చావా?"

హనాదీకి ఏడుపు ముంచుకొచ్చింది. తాత తిడతాడేమోనని చూసింది. తిట్టినా బాగుండేది. ఆయన వెళ్లి నీళ్లతొట్టి అంచు మీద కూర్చున్నాడు.

"వాడి పేరు దహామ్. ఇక్కడ పాయింట్స్‌మన్. నేను అప్పుడే ఉద్యోగంలో చేరాను, మొదట నేనూ పాయింట్స్‌మన్నే, వాడి తర్వాతి డ్యూటీ నాది. ఆ రోజు స్నేహితుడి పెళ్లి. చేతులు పట్టుకుని వరసగా దబ్కె నాట్యం ఆడుతున్నాం, వరసకు ముందు నేనే. ఇంకో చుట్టు, ఇంకో చుట్టు అంటూ మూడు గంటలు ఆలస్యం చేశాను. ఎగువన వాన పడి వాగు పొంగింది. జనం గుట్టెక్కుతూ వాణ్ణీ రమ్మన్నారట. సాలిమ్ రాలేదు, జెండా ఎవరికివ్వను అన్నాడట." ఆయన నూనెగుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. "నీళ్లు తీశాక వాడి టోపీ కూడా దొరకలేదు. నలభై ఎనిమిదేళ్లుగా నిండా పోసి పారిపోతున్నాను. వాడి కళ్లలోకి చూస్తే మాటివ్వాలి కదా, అందుకని."

"మాటిచ్చింది నేను. నేనే వెళ్తాను తాతా."

"పిచ్చిదానా, మాట నోటిది కాదు, ఇంటిది. ఆలస్యం చేసింది నేను." లేచి చొక్కా బొత్తాలు సరిగ్గా పెట్టుకున్నాడు. తలగుడ్డ సర్దుకున్నాడు.

"ఎక్కడికి పెద్దాయనా? ఆవిరి తయారుగా ఉంది!" అని జవ్దత్ అరిచాడు.

"డ్యూటీకి."

హనాదీ గడప బయటే నిలబడింది. లోపల ఇద్దరు రైల్వే మనుషులు మాట్లాడుకున్నారు, రోజూ మాట్లాడుకునేవాళ్లలాగే.

"ఆలస్యమైంది దహామ్."

"పెళ్లి బాగా జరిగిందా?"

"బాగా జరిగింది."

"భోజనాలు?"

"నీ వాటా దాచారు."

"రెండో మీట బిగుసుకుపోతోంది, నూనె వేస్తూ ఉండు. ఇదిగో జెండా."

ఆ తర్వాత చప్పుడు లేదు. మట్టివాసన ఒక్కసారిగా పోయింది.

నిప్పు చూడటానికి మనిషి లేక జవ్దత్ విదేశీయుణ్ణి ఎక్కించుకున్నాడు. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని మరీ ఎక్కాడు. జనం చాపలు చుట్టుకుని, పిల్లల్ని ఈడ్చుకుని పెట్టెల్లో సర్దుకున్నారు. ప్లాట్‌ఫారం కొసన అబూ ఘాలిబ్ నిటారుగా నిలబడి పచ్చజెండా ఊపాడు. బండి ముక్కుతూ కదిలింది. చివరి పెట్టె చివరి కిటికీలో ఒక రైల్వే టోపీ హనాదీ ముందు నుంచి సాగిపోయింది. టోపీ కింది మొహం నవ్వుతోంది.

"ఇంటికి పద తాతా," అంది పొగ కరిగిపోయాక.

"డ్యూటీలో ఉన్నాను తల్లీ."

చెయ్యి పట్టుకుని లాగింది. ప్లాట్‌ఫారం అంచు దాకా వచ్చాడు. అక్కడ ఆయన కాళ్లు అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల కాళ్లలా ముడుచుకుపోయాయి. రెండుసార్లు అలాగే అయింది. మూడోసారి ఆయనే వద్దన్నాడు.

ఎండ ఇంకా ఉండగానే హనాదీ కొత్త కాఫీ కాచి తెచ్చింది. తాత వెయిటింగ్ రూములో ఆ అరుగు మీదే కూర్చున్నాడు. మూడు గుటకలు పోసి ఇచ్చింది. ఆయన కప్పులోకి చూశాడు. ఆయన చెయ్యి మెల్లగా కిందికి వంగింది, నేల వైపు. 'మీ కాఫీ తాగండి' అన్న మాట హనాదీ నాలుక కొసకు వచ్చేసింది.

నేలకు బెత్తెడు ఎత్తున కప్పు ఆగింది. అబూ ఘాలిబ్ పళ్లు బిగించి, ఎంతో బరువు ఎత్తుతున్నట్టు కప్పు పైకి తెచ్చుకుని ఒక్క గుక్కలో తాగేశాడు. మూడుసార్లు ఆడించాడు.

"చాలు. ఇక ఇలా పోయకు. అరుగు మీద పెట్టి వెళ్లిపో. నా వైపు చూడకు. నిండా పొయ్యి."

"నీకా తాతా? నిండానా?"

"నాకే. ఈసారి నిన్ను మాట అడక్కుండా ఆపుకోగలిగాను. ఎప్పుడూ ఆపుకోగలనో లేదో."

రెండు రోజులు అమ్మ అన్నం, దుప్పటి మోసింది. చిన్నాన్నలు కారు తెచ్చి ఎత్తుకెళ్లాలని చూసి, చేతకాక తిట్టుకుంటూ పోయారు. మూడో రోజు అమ్మ దుప్పటితో తిరిగొచ్చి, "ముసలాయన ఎక్కడికి పోయాడే? గది ఖాళీగా ఉంది," అంది. వాగులో వెతికారు, బావుల్లో వెతికారు. హనాదీ ఏమీ చెప్పలేదు. ఎప్పుడూ మాట్లాడని పిల్ల కాబట్టి ఎవరూ అడగలేదు.

శుక్రవారం బండి వచ్చింది. హనాదీ మొదటి కప్పు అంచు దాకా నింపి, తల వంచుకుని గదిలోకి వెళ్లింది. మట్టివాసన లేదు. తాత కాల్చే పొగాకు వాసన ఉంది, నూనెగుడ్డ వాసన ఉంది. అరుగు మీద కప్పు పెట్టి వెనక్కి తిరిగింది.

గడప దగ్గరికి రాగానే వెనక చిన్న చప్పుడైంది. అరుగు మీది కప్పును ఎవరో తీసి, కింద నేల మీద మెల్లగా పెట్టిన చప్పుడు.

హనాదీ తిరగలేదు. కళ్లనీళ్లు చెంపల మీద నుంచి జారుతూనే ఉన్నాయి. గడప దాటి ఎండలోకి వచ్చి, ఇంకే చప్పుడూ చెవిన పడకుండా, పుట్టాక ఎన్నడూ లేనంత గట్టిగా చాపలవాళ్ల వైపు అరిచింది.

"కాఫీ! ఎవరికి కాఫీ?"