తీగల ఎత్తు

పళనివేల్ బేస్ గిటారు మార్చిన ప్రతిసారీ "శబ్దం కోసం" అనేవాడు. జోతిమణి అవునన్నట్టు తలాడించేది గానీ, మొగుడి ఒంట్లో ఏదో ఒకటి మొండికేసిందని ఆమెకు అప్పటికే తెలిసిపోయేది.

పెళ్ళినాటికి అతని దగ్గర ఉన్నది పీళమేడు వడ్రంగి ఆచారి పనసచెక్కతో చేసిచ్చినది. రోకలంత బరువు. దాన్నే భుజాన తగిలించుకుని కోయంబత్తూరు కాలేజీలన్నీ దద్దరిల్లేటట్టు రాక్ పాటలు వాయించాడు. తరువాత పొడుగు మెడ జపాన్ బేస్ వచ్చింది. బ్యాండుకు పేరొచ్చాక అయిదు తీగలది. భుజం పట్టేసిన ఏడు దాన్ని వదిలేసి, మెడ మీద స్వరాల మెట్లు లేని తేలికది తెచ్చుకున్నాడు. "ఇందులో స్వరం జారతాది జోతీ, ఆ జారడమే అందం" అన్నాడు. ఇప్పుడు షుగరు జబ్బు వేళ్ళ కొసలకు చేరి పట్టు తగ్గించింది. పిల్లల ఆటవస్తువులాంటి పొట్టి మెడ బేస్ ఇంటికొచ్చింది, మళ్ళీ మెట్లతో. దానికి మాత్రం అతను ఏ కారణమూ చెప్పలేదు.

ఒక పొద్దున సుబ్రమణియం వచ్చాడు. బ్యాండులో గిటారు ఆయనది, చిన్నప్పటి స్నేహం. పళనివేల్ స్నానానికి పోయేదాకా ఆగి నోరు విప్పాడు.

"చెల్లెమ్మా, వచ్చే కచేరీలో వాడి చెయ్యి నిలవకపోతే ఆ భాగం కీబోర్డు వాయించే కుర్రాడు శబరికి ఇచ్చేస్తాం. వాడి మొగం చూసి నేను చెప్పలేను."

"అది కూడా తీసేస్తే ఆయన్ని నేనేం చేసుకునేది అణ్ణా?"

సుబ్రమణియం కాఫీ లోటా కింద పెట్టేసి లేచి వెళ్ళిపోయాడు.

జోతిమణి వయసంతా అన్నూరు మరమగ్గాల మధ్య గడిచింది. పడుగు దారాలు తెగుతుంటే బిగువు సడలించాలి. అదొక్కటే ఆమెకు తెలిసిన వైద్యం. తీగల బిగువు తగ్గిస్తే శ్రుతి చెడుతుందని అతన్ని చూసి చూసి ఆమెకు తెలుసు. అందుకని ఎత్తు తగ్గించింది; తీగ మెడకు దగ్గరైతే నొక్కడానికి వేలికి అంత బలం అక్కర్లేదు. అతను స్నానానికి పోయినప్పుడు, పెట్టెలోని చిన్న అలెన్ కీతో తీగల కిందున్న మరలను కొంచెం దించింది. మర్నాడు ఇంకొంచెం. శ్రుతి ఎట్లాగూ అతను రోజూ చేసుకునేదే.

పక్కిళ్ళవాళ్ళకు ఇబ్బంది కాకుండా పళనివేల్ ఇంట్లో మెత్తగానే వాయించేవాడు. అందువల్ల శబ్దంలో ఏ తేడా బయటపడలేదు.

"జోతీ, ఇట్లా రా! చెయ్యి మాట వింటా ఉండాదే!"

"డాక్టరు మాత్ర పనిచేస్తా ఉండాది మామా."

"మాత్ర కాదే, మీయమ్మ పెట్టిన రాగిముద్ద. ఇప్పుడు దిగతా ఉండాది వేళ్ళలోకి!"

ఆమె నవ్వింది. ఆ మరలను మళ్ళీ పైకి తిప్పడం ఇక ఆమె వల్ల కాలేదు. అతను రెండు ముద్దలు ఎక్కువ తింటున్నాడు. గడ్డం గీసుకుంటున్నాడు. డాక్టరు చేతికి నేర్పించిన వ్యాయామం మానేశాడు. సుబ్రమణియానికి ఫోను చేసి, "శబరిని వేరే పని చూసుకోమను" అన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కచేరీ రోజు మధ్యాహ్నం హాలులో శబ్దం సరిచూస్తున్నారు. డ్రమ్ములు మొదలయ్యాయి. పళనివేల్ పాతరోజుల్లో కొట్టినట్టే గట్టిగా తీగను లాగాడు. పెద్ద స్పీకర్లలోంచి స్వరం రాలేదు, తగరపు డబ్బాలో గులకరాళ్ళు పోసినట్టు గరగర వచ్చింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ అదే.

సుబ్రమణియం వంగి బేస్ మెడ చూశాడు. "ఏందిరా ఇది? తీగలు మెట్ల మీద పడుకోనుండాయే!"

"నేను తాకలేదురా" అంటూ పళనివేల్ తల ఎత్తాడు. ముందు వరుసలో కూర్చున్న జోతిమణి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనే మామా" అంది.

అతను కూర్చుని, మరలన్నీ పాత ఎత్తుకు తిప్పి, శ్రుతి చేసుకుని మళ్ళీ వాయించబోయాడు. లావు తీగ వేలి కింద అణగలేదు. రెండో చేతితో ఆ వేలిని నొక్కిపట్టి చూశాడు. తరువాత బేస్ పెట్టెలో పెట్టేసి, "శబరిని పిలువు" అన్నాడు.

కచేరీ బాగా జరిగింది. కింది స్వరాలు కీబోర్డులోంచి వచ్చాయి, జనం ఈలలు వేశారు. వెనక వరుసలో భార్యాభర్తలు పక్కపక్కనే కూర్చున్నారు.

"తిట్టండి మామా" అంది జోతిమణి.

"ఎంత సంతోషంగా ఉండానో రోజూ చూస్తానే ఉండావు గదా" అన్నాడతను, వేదిక మీంచి చూపు తిప్పకుండా. "చూస్తా చూస్తా ఎట్లా ఊరకుండావు?"

పాట మధ్యలోనే అతను లేచి బయటికి నడిచాడు. జోతిమణి పెట్టె భుజానికెత్తుకుని వెనకే వెళ్ళింది. గేటు దగ్గర ఆటో ఆపి, వెనక సీటు ఆమెకూ పెట్టెకూ వదిలేసి, అతను ముందు సీటులో, డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాడు.